పండుగప్ప ఎలా కొనాలి, ఎలా బాగుచేయాలి, పులుసులో ఎంతసేపు ఉడకాలి?

కృష్ణలంక అమ్మమ్మ, విజయవాడ
జూన్ 2

అందరికీ నమస్కారం. చేపల వంట నాకు కొత్త కాదు. పెళ్లై కృష్ణలంక వచ్చి ముప్పై నాలుగేళ్లయింది. బొచ్చె, శీలావతి, కొర్రమేను, వాలుగ, బొమ్మిడాయిలు, ఏది తెచ్చి ముందు పడేసినా మాట్లాడుతూ మాట్లాడుతూనే పులుసు పెట్టేస్తాను. అలాంటిది పోయిన ఏడాది ఒక చేప నా చేతికి లొంగలేదు. ఇంకోసారి అలా కాకూడదని అడుగుతున్నాను.

మా అమ్మాయి పురిటికి అమెరికా వెళ్లి ఆరు నెలలు ఉండి వచ్చాను. బోస్టన్ పక్కన క్విన్సీ అనే ఊరు. బాలింతకు సొరపుట్టు చేసి పెడదామని నా ప్రాణం కొట్టుకుంది, కానీ నాకు అక్కడ సొరచేప దొరకలేదు. ఒక శనివారం మా అల్లుడు స్నేహితులతో కలిసి కేప్ కాడ్ కాలువకు గాలం పట్టుకుని వెళ్లి ఇంత పొడుగు చేప తెచ్చాడు. వెండి రంగు, ఒంటి మీద తల నుంచి తోక దాకా బారుగా ఏడెనిమిది నల్ల చారలు. స్ట్రైప్డ్ బాస్ అంటారట. టేపు పెట్టి కొలిచి మరీ తెచ్చానన్నాడు. 28 అంగుళాలకు తగ్గినా, 31 అంగుళాలకు చేరినా తిరిగి నీళ్లలో వదిలేయాలట. మనిషికి రోజుకు ఒకటేనట. చేపను తూకం వేయడమే గానీ టేపు పెట్టి కొలవడం నేను వినలేదు.

సరే, చేప వచ్చింది. కత్తిపీట లేదు, బూడిద లేదు. కూరగాయల చాకుతో పొలుసు గీస్తే సింకు దాటి కిటికీ అద్దానికి కూడా అంటుకుంది. వీపు మీది ముల్లు బొటనవేలులో దిగి రెండు రోజులు సలిపింది. అయినా పట్టుదలగా బాగుచేసి, బొచ్చెకు పెట్టినట్టే పులుసు పెట్టాను. తాలింపులో ఉల్లిపాయలు మగ్గాక ముక్కలు పరిచి, కారం చల్లి, చింతపండు పులుసు పోసి పాతిక నిమిషాలు సన్న సెగ మీద మరిగించాను. మా ఇంట్లో అంతే, అలాగే కుదురుతుంది.

కుదరలేదు. సగం ముక్కలు పొరలు పొరలుగా విడిపోయి పులుసులో కలిశాయి. విడిపోనివి నోట్లో పెట్టుకుంటే పీచులా ఉన్నాయి, లోపల తడి లేదు. ముక్క మధ్యలో ముదురు ఎరుపు పట్టీ ఒకటి ఉంది, అక్కడ నీచు వాసన గట్టిగా తగిలింది. మా అల్లుడు రెండు ముక్కలు తిని, తర్వాత అన్నంలోకి పులుసు మాత్రమే పోసుకున్నాడు. అమ్మాయి "పులుసు బాగుందమ్మా" అంది. ముక్క సంగతి ఇద్దరూ ఎత్తలేదు. నేను వండిన చేపను గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడకుండా లేచింది అదొక్కసారే. ఇప్పటికీ మనసులో ఉండిపోయింది.

జులై మొదటి వారంలో వాళ్లు ముగ్గురూ వస్తున్నారు. మా చేపలాయన్ని అడిగితే, "ఆ చేప మన దగ్గర రాదు గానీ, అలాంటి ముక్క కావాలంటే పండుగప్ప తీసుకోమ్మా" అన్నాడు. పండుగప్ప మా ఇంట్లో ఎప్పుడూ వండలేదు. బొచ్చె కిలో ధరకి రెండింతలు పైనే చెబుతాడు, అందుకని అటు చూడనే లేదు. ఇప్పుడు మాత్రం తేవాలని ఉంది. మంచిది చూసి ఎలా కొనాలి? జన, అంటే గుడ్లు, ఉన్న చేప అడిగి తీసుకోవచ్చా, మా అమ్మాయికి జన వేపుడంటే ప్రాణం. కొట్టించేటప్పుడు ఏం చెప్పాలి? పులుసు పీచు కాకుండా ఎలా పెట్టాలి? ఇంకొకటి, మనవడికి పద్నాలుగు నెలలు. వాడికి ఈ చేప కొంచెం పెట్టవచ్చా?

---

నాగాయలంక చెరువు గట్టు
జూన్ 2

అక్కయ్య గారూ, నమస్తే. మాది నాగాయలంక. పదకొండేళ్లుగా పండుగప్ప పెంచుతున్నాం. కొనే సంగతి నేను చెబుతాను, వంట సంగతి వేరేవాళ్లు చెబుతారు.

ముందు క్యాలెండర్ చూసుకోండి. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవలకు వేట నిషేధం. ఈ రోజుల్లో ఎవరైనా "సముద్రం పండుగప్ప, నిన్ననే బోటు దిగింది" అంటే నమ్మకండి. తెడ్డు పడవల వాళ్లు, మొగల్లో, అంటే నది సముద్రంలో కలిసే చోట, వల వేసేవాళ్లు పట్టేవి కొన్ని ఉంటాయి గానీ అవి కొద్దిపాటే. మిగతావి చెరువువో, చాలా రోజులు ఐసులో పడి ఉన్నవో అయి ఉంటాయి. మీవాళ్లు వచ్చేది జులైలో కాబట్టి రెండు రకాలూ చూసి తీసుకోవచ్చు.

చెరువు చేప అని చిన్నచూపు చూడకండి. చెన్నైలో ఉప్పునీటి జలచరాల పరిశోధన సంస్థ ఉంది, సీబా అంటాం. మన దేశంలో హేచరీలో పండుగప్ప పిల్లను పుట్టించడం 1997లో మొదట సాధించింది వాళ్లే. అంతకుముందు మొగల్లో దొరికిన పిల్ల తెచ్చి పెంచుకోవడమే. ఇది ఉప్పునీళ్లలోనూ పెరుగుతుంది, మంచినీళ్లలోనూ పెరుగుతుంది. కానీ మేపడం తేలిక కాదు. బొచ్చెలాగా తవుడు, చెక్క వేస్తే తినే చేప కాదు, వేటాడే జాతి. పిల్ల దశలో ఒకటి కాస్త పెద్దదైతే పక్కదాన్ని మింగేస్తుంది. అందుకే మాటిమాటికీ సైజులు వేరు చేస్తూ ఉండాలి. మీ చేపలాయన చెప్పే ధరలో మా ఈ కష్టం, మేత ఖర్చు ఉన్నాయని దయచేసి గుర్తుంచుకోండి.

గుర్తు పట్టడం: నుదురు దగ్గర కాస్త లోపలికి నొక్కినట్టు పల్లం ఉంటుంది, అక్కణ్నుంచి వీపు పైకి లేస్తుంది. నోరు పెద్దది, చీలిక కంటి వెనక దాకా పోతుంది. తోక చివర చీలి ఉండదు, విసనకర్రలాగా గుండ్రంగా ఉంటుంది. పొలుసు పెద్దది, వేలితో తోక నుంచి తలవైపు రాస్తే గరుకుగా తగులుతుంది. అన్నిటికంటే కన్ను చూడండి. సెల్‌ఫోన్ లైటు వేస్తే పిల్లి కన్నులా మెరుస్తుంది.

తాజాదనం: కన్ను ఉబ్బి, నల్లగుడ్డు తేటగా ఉండాలి. మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా ఉంటే సరే, ఇటుక రంగులోకి తిరిగితే వదిలేయండి. పొట్ట దగ్గర వేలితో నొక్కితే గుంట వెంటనే పూడాలి. తల పట్టుకుని ఎత్తితే ఒళ్లు వేలాడిపోకూడదు. మొప్ప ఎత్తేటప్పుడు జాగ్రత్త అక్కయ్య గారూ, ఆ చెక్క అంచు బ్లేడులా ఉంటుంది. మా దగ్గర కొత్తగా పనిలోకి వచ్చినవాళ్లకు మొదటి రోజు చెప్పే మాట అదే.

పొలుసు, తోలు తీసేసి తెల్లగా ప్యాకెట్లో పెట్టిన ముక్కలు మాత్రం పండుగప్ప పేరుతో కొనకండి. తోలు లేకపోతే అది పండుగప్పో పంగసో తినేవాళ్లకు కూడా తెలియదు.

జన గురించి అడిగారు. రెండు మూడు కిలోల పండుగప్పలో జన దొరకదు. ఎందుకంటే ఈ చేపలు మొదట దాదాపు అన్నీ మగవే. కొన్నేళ్లు పెరిగి బాగా పెద్దవయ్యాకే ఆడవిగా మారతాయి. బజారుకు వచ్చే సైజు దాదాపు అంతా మగదే. అమ్మాయి కోసం జన కావాలంటే విడిగా బొచ్చె జన తెచ్చుకోండి.

మీరు రెండు, రెండున్నర కిలోల చేప తీసుకోండి. కిలో లోపుది పులుసుకు పనికి రాదు, ముక్క పలచబడిపోతుంది.

---

కొరిటెపాడు కోడలు, గుంటూరు
జూన్ 3

వదినగారూ, మీరు రాసింది చదువుతుంటే మా పెళ్లైన కొత్తలో నేను పాడుచేసిన పండుగప్ప గుర్తొచ్చింది. మా పుట్టింట్లో చెరువు చేపలే. మా అత్తగారిది నిజాంపట్నం. ఆవిడ సముద్రం చేప వండుతూ పెరిగిన మనిషి. నేను మీలాగే అన్నీ కలిపి మరగబెట్టాను. ఆవిడ తిని ఒకటే మాట అన్నారు: "బొచ్చెకు పులుసుతో పాటు ఉడికే ఓపిక ఉంది. దీనికి లేదు. దీన్ని పులుసు అయ్యాక పిలవాలి."

మీ తప్పు అంతా ఆ పాతిక నిమిషాల్లోనే ఉంది, ఇంకెక్కడా లేదు. బొచ్చె ముక్కలో సన్న ముళ్లు అల్లుకుని ఉంటాయి, మాంసం బిగువుగా ఉంటుంది, ఎంత మరిగినా నిలబడుతుంది. పండుగప్ప ముక్క రేకులు రేకులుగా ఉంటుంది. ఉడకగానే రేకులు విడిపోవడానికి సిద్ధంగా ఉంటాయి. ఆ తర్వాత ఉడికే ప్రతి నిమిషం దానిలోని తడిని పిండేయడమే. మీ అల్లుడుగారు తెచ్చిన చేప కూడా ఇదే రకం ముక్క అయి ఉంటుంది.

కొట్టించేటప్పుడు ఇలా చెప్పండి. ముందు తూకం, తర్వాతే కత్తి. పొలుసు పూర్తిగా గీకాలి, ముఖ్యంగా పొట్ట కింద, తల వెనక మడతల్లో. వీపు ముళ్లు, వాజాలు (రెక్కలు) కత్తిరించేయాలి. తోలు తీయొద్దని గట్టిగా చెప్పండి. పులుసులో ముక్కను పట్టి ఉంచేది ఆ తోలే. ముక్కలు అడ్డంగా, బొటనవేలు అంత మందంగా కొట్టమనండి. ఆదివారం రద్దీలో తొందరపడి పలచగా కొట్టేస్తారు, పక్కనే నిలబడండి. తలకాయ రెండు చెక్కలు చేయించుకుని మొప్పలు పూర్తిగా తీయించండి. పొట్ట చీల్చేటప్పుడు ఆకుపచ్చ పిత్తం పగలకుండా చూసుకోమనాలి. పగిలితే ఆ చుట్టుపక్కల ముక్కలన్నీ చేదెక్కుతాయి.

ఇంటికి వచ్చాక మిగిలేది కొంచెమే. వెన్నుముల్లు లోపలివైపు నల్లగా గడ్డకట్టిన రక్తం అంటుకుని ఉంటుంది. దాన్ని కొట్టువాళ్లు వదిలేస్తారు. చెంచా తోకతో గీకి తీయండి. నీచు వాసన సగం అక్కడే ఉంటుంది. తర్వాత కల్లుప్పు, పసుపు వేసి మెల్లగా రుద్ది రెండుసార్లు కడగండి. చెరువు చేప అయితే పుల్ల మజ్జిగలో పది నిమిషాలు ఉంచి కడగండి. ఎక్కువసేపు వద్దు, ముక్క పైన తెల్లబడుతుంది. నీళ్లు పూర్తిగా ఓడ్చి, ఉప్పు, పసుపు, ఒక చెంచా కారం పట్టించి పావుగంట పక్కన పెట్టండి.

ఇక పులుసు. కిలోన్నర ముక్కలకు నేను వేసేది చెబుతున్నాను. పెద్ద నిమ్మకాయంత పాత చింతపండు నానబెట్టి చిక్కగా తీస్తాను. ఉల్లిపాయలు నాలుగు. రెండు సన్నగా తరిగి, రెండు పచ్చివే నూరుకుంటాను. వెడల్పాటి గిన్నె తీసుకోండి, ముక్కలు ఒకే వరసలో పట్టాలి, అది ముఖ్యం. పప్పునూనె నాలుగు గరిటెలు. అందులో అర చెంచా మెంతులు ఎర్రబడ్డాక చీల్చిన పచ్చిమిర్చి, కరివేపాకు, తరిగిన ఉల్లిపాయ. అవి రంగు తిరిగాక నూరిన ఉల్లిముద్ద, అల్లం వెల్లుల్లి. పచ్చి వాసన పోయేదాకా ఓపికగా వేపాలి, ఇక్కడ తొందరపడితే పులుసు తేలిపోతుంది. తర్వాత పసుపు, మన కారం మూడు చెంచాలు, ధనియాల పొడి రెండు, ఉప్పు, చింతపండు పులుసు, ఒకటిన్నర గ్లాసు నీళ్లు.

ఇప్పుడు ముక్కలు వేయకండి. ఇరవై నిమిషాలు పులుసునే మరగనివ్వండి. నూనె పైకి తేలి, గరిటె వెనక అంటుకునేంత చిక్కబడాలి. చేప వేశాక నీరు ఊరి మళ్లీ కొంచెం పలచబడుతుంది, అందుకే ముందే కాస్త ఎక్కువ చిక్కగా ఉంచుకోవాలి. ఉప్పు, పులుపు ఇక్కడే సరి చూసుకోండి, తర్వాత అవకాశం ఉండదు. తలకాయ చెక్కలు ముందు వేసి నాలుగు నిమిషాలు ఆగండి, అవి ఉడకడానికి సమయం పడుతుంది. తర్వాత ముక్కలు ఒక్కొక్కటే జార్చి, మూత పెట్టి, సన్న సెగ మీద ఏడెనిమిది నిమిషాలు. గరిటె ముట్టుకోవద్దు. గిన్నె రెండు చెవులూ గుడ్డతో పట్టుకుని మెల్లగా తిప్పడమే. ముల్లు దగ్గర మాంసం అద్దంలా ఉన్నది తెల్లగా మారిందంటే అయిపోయినట్టే. వేపిన జీలకర్ర, వెల్లుల్లి దంచి చల్లి, కొత్తిమీర వేసి దించేయండి. ఆ వేడికే మిగతాది ఉడుకుతుంది. రెండు గంటలు కదపకండి. పొద్దున వండి రాత్రికి తింటే ఇంకా బాగుంటుంది, కానీ మళ్లీ మరగబెట్టకండి. ఎవరికి వాళ్లకు వడ్డించేదాన్ని గోరువెచ్చగా చేసుకుంటే చాలు.

చంటివాడికి తోక వైపు ముక్క కాకుండా వీపు ముక్క ఒకటి విడిగా ఉంచండి. ఉప్పు, కారం లేకుండా ఆవిరి మీద ఉడికించి, చేత్తో రేకు రేకు విడదీసి, వేళ్లతో నలిపి చూసి పెట్టండి. బొచ్చెలో ఉండే ఈకల్లాంటి సన్న ముళ్లు దీనిలో ఉండవు, ఉన్నవి పెద్దవి, చేతికి తెలుస్తాయి. అయినా నలపకుండా పెట్టవద్దు. వాడు ఇంతకుముందు చేప తినకపోతే మొదటి రోజు చెంచాడే పెట్టి, ఒంటి మీద దద్దుర్లేమైనా వస్తాయేమో చూసుకోండి.

---

తెనాలి నుంచి బాల్టిమోర్
జూన్ 3

పిన్నిగారూ, నేను తెనాలి అమ్మాయిని, పద్నాలుగేళ్లుగా మేరీల్యాండ్‌లో ఉంటున్నాను. మీకు లొంగని చేప మా రాష్ట్ర చేప. 1965 నుంచి ఆ గౌరవం ఉంది. ఇక్కడ దాన్ని స్ట్రైప్డ్ బాస్ అని పిలిచేవాళ్లు తక్కువ, రాక్‌ఫిష్ అంటారు.

ఈ చేప సముద్రంలో తిరిగి, వసంతంలో గుడ్లు పెట్టడానికి నదుల్లోకి ఎదురీదుతుంది, అచ్చం మన గోదావరి పులసలాగా. మా చెసపీక్ బేలో కలిసే నదులు, న్యూయార్క్ దగ్గర హడ్సన్ నది దానికి పుట్టిళ్లు. గుడ్లు పెట్టి మళ్లీ ఉత్తరంగా మీ అమ్మాయి వాళ్ల తీరం వైపు వెళ్తుంది, చలికి తిరిగి వస్తుంది. పండుగప్పది సరిగ్గా తిరగబడిన దారి. అది నదుల్లో, మొగల్లో పెరిగి, గుడ్లు పెట్టడానికి ఉప్పునీళ్లకు పోతుంది. ఇద్దరూ రెండు నీళ్ల చుట్టాలే.

టేపు పెట్టి కొలవడం ఊరికే పెట్టిన నియమం కాదు. ఒకప్పుడు విపరీతంగా పట్టేసి చేప కనబడకుండా పోతే, మేరీల్యాండ్‌లో 1985 నుంచి 1990 దాకా అసలు పట్టడమే ఆపేశారు. అప్పుడు కోలుకుంది. ఇప్పుడు మళ్లీ తగ్గుతోందని సముద్ర తీరంలో పట్టేవాటికి 28, 31 అంగుళాల హద్దు పెట్టారు. పెద్ద ఆడచేపలు బతికి ఉంటేనే గుడ్లు ఉంటాయి కదా. నాగాయలంక అన్నగారు చెప్పిన 61 రోజుల నిషేధం వెనక ఉన్న ఆలోచన కూడా అదే.

మీరు చెప్పిన ఎరుపు పట్టీ గురించి. తోలు కింద, పక్క గీత వెంట ముదురు మాంసం ఉంటుంది. స్ట్రైప్డ్ బాస్‌లో నీచు వాసన ఎక్కువగా అక్కడిదే. పైగా చేప ఒంట్లో చేరే పీసీబీలు అనే రసాయనాలు కొవ్వులోనూ ఆ ముదురు మాంసంలోనూ నిలుస్తాయి. ఇక్కడి తూర్పు తీర రాష్ట్రాల ఆరోగ్య శాఖలు గర్భిణులను, పాలిచ్చే తల్లులను, చిన్నపిల్లలను ఈ చేపను బాగా తగ్గించమనో మానేయమనో చెబుతాయి. మీ అమ్మాయి ఇంకా పాలిస్తుంటే అక్కడ అల్లుడుగారు పట్టిన చేప తినేముందు వాళ్ల రాష్ట్రం సూచనలు చూసుకోమనండి. మిగతావాళ్లు తినేటప్పుడు కూడా తోలు, పొట్ట కొవ్వు, ఆ ఎరుపు పట్టీ కోసి తీసేయడం మంచిది. తోలు తీస్తే పులుసులో విడిపోతుంది కాబట్టి, ఇక్కడ నేను బయట నీళ్లలో పట్టిన చేపతో పులుసు పెట్టను. అంగుళం మందం ముక్కలు కోసి, కారం, ఉప్పు, నిమ్మరసం, కాస్త బియ్యప్పిండి పట్టించి పెనం మీద వేపుతాను. ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలు, అంతే.

పులుసే కావాలంటే దుకాణంలో కిలో లోపు చేపలు దొరుకుతాయి. అది స్ట్రైప్డ్ బాస్‌నీ వైట్ బాస్‌నీ కలిపి పుట్టించిన పెంపకం చేప. చారలు బారుగా ఉండకుండా మధ్యలో తెగి తెగి ఉంటాయి, అదే గుర్తు. దాన్ని తోలుతోనే వండుతాను.

పొలుసు ఎగరకుండా ఒక ఉపాయం. చేపను పెద్ద పాలిథిన్ సంచిలో పెట్టి, చేతులు లోపల పెట్టి, చాకు వీపుతో తోక నుంచి తలవైపు గీకండి. అంతకన్నా ముందు కత్తెరతో వీపు ముళ్లు కత్తిరించండి. మా ఆయన వేలు కూడా ఒకసారి అలాగే వాచింది.

---

కృష్ణలంక అమ్మమ్మ, విజయవాడ
జూన్ 4

ఎంత ఓపికగా రాశారు మీరంతా. రెండుసార్లు చదివి, ముఖ్యమైనవి మా ఆయన చేత కాగితం మీద రాయించుకున్నాను. "పులుసు అయ్యాక పిలవాలి" అన్న మాట దగ్గర ఆగిపోయాను కొరిటెపాడు వదినా. ముప్పై నాలుగేళ్లలో ఆ మాట నాకెవరూ చెప్పలేదు. నాకు చెప్పాల్సిన అవసరం మా ఇంట్లో ఎవరికీ రాలేదు, ఎందుకంటే మేం వండేదంతా బొచ్చెలాంటిదే.

ఒక సందేహం. ఎండాకాలం అయితే నేను చింతపండు సగం తగ్గించి పుల్లమామిడి వేస్తాను. జులైకి నా దగ్గర ఎండబెట్టిన మామిడి ఒరుగులు ఉంటాయి. వేయవచ్చా? ఇంకా, పీసీబీల సంగతి నాకు ఇప్పటిదాకా తెలియదు. అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను.

---

భవానీపురం బాబాయి, విజయవాడ
జూన్ 4

అమ్మా, ఒరుగులు వేయవచ్చు, కానీ చేపతో పాటు కాదు. వేడి నీళ్లలో అరగంట నానబెట్టి పులుసు మరిగేటప్పుడే వేయాలి. లేకపోతే అవి ఉడికేసరికి చేప చెదిరిపోతుంది. చింతపండు తగ్గించడం మరిచిపోవద్దు, లేకపోతే పళ్లు పులుస్తాయి.

ఒక్క విషయంలో మాత్రం కొరిటెపాడు అమ్మాయితో నాది వేరే మాట. తలకాయను పులుసులో వేయవద్దు. పండుగప్ప తల బరువైనది, బుగ్గల్లో మంచి మాంసం ఉంటుంది. మర్నాడు విడిగా ఇగురు పెట్టండి, మిరియాలు, వెల్లుల్లి దంచి వేసి. పులుసులో పడితే అది పులుసుకు రుచి ఇస్తుంది గానీ దానికి రుచి మిగలదు.

---

కొరిటెపాడు కోడలు, గుంటూరు
జూన్ 4

బాబాయిగారూ, ఆ రుచి కోసమే కదా మేం వేసేది. మా అత్తగారైతే తల లేని పులుసును పులుసు అనరు. వదినగారూ, మీ ఇంట్లో తల ఇష్టపడే మనిషి ఉంటే ఇగురు, లేకపోతే పులుసు.

---

కృష్ణలంక అమ్మమ్మ, విజయవాడ
జులై 12

చెప్పినందుకు తిరిగి వచ్చి చెప్పాలి కదా.

ముందు జూన్ 22న మాకు ఇద్దరికే ఒకసారి చేసి చూశాను, కిలోంబావు చేప తెచ్చి. చిన్నదే దొరికింది. ముక్క పలచగా ఉండి ఐదు నిమిషాలకే ఉడికిపోయింది. నేను ఎనిమిది దాకా ఉంచాను, కొంచెం పొడిబారింది. అయినా క్విన్సీలో అయినట్టు కాలేదు. చేప సైజు ఎందుకు అడగమన్నారో అప్పుడు అర్థమైంది. నిమిషాలు చూసి కాదు, ముల్లు దగ్గర తెలుపు చూసి దించాలని కూడా అప్పుడే తెలిసింది.

మొన్న ఆదివారం పొద్దున ఆరింటికే వెళ్లాను. మొదట ఒక కొట్లో చూపించిన చేప కన్ను తెల్లబడి, పొట్ట మెత్తగా ఉంది. "ఇప్పుడే వచ్చింది" అన్నాడు. మొప్ప ఎత్తమంటే ఎత్తలేదు. వచ్చేశాను. మా చేపలాయన దగ్గర రెండు కిలోల ఏడువందల చేప దొరికింది. సెల్‌ఫోన్ లైటు వేసి కన్ను చూశాను, మెరిసింది. మొప్ప దానిమ్మ గింజ రంగులో ఉంది. పక్కనే నిలబడి బొటనవేలు మందం కొట్టించాను. వెన్నుముల్లు దగ్గరి నల్ల రక్తం చెంచాతో తీస్తే ఇంత వచ్చింది. ముప్పై నాలుగేళ్లుగా నేను దాన్ని కడగడమే గానీ గీకింది లేదు.

పులుసు ఇరవై రెండు నిమిషాలు మరిగించాను, నానిన ఒరుగులు ఆరు వేసి. తల పక్కన పెట్టాను, మా ఆయనకు ఇగురు ఇష్టం. ముక్కలు జార్చాక వంటింట్లోంచి కదల్లేదు. ఏడో నిమిషానికి ఒక ముక్క ముల్లు దగ్గర చూసి దించాను.

మధ్యాహ్నం రెండింటికి తిన్నాం. ముక్క గిన్నెలోంచి పళ్లెంలోకి విరగకుండా వచ్చింది. వేలు పెడితే రేకులు తడితడిగా విడిపోయాయి. అల్లుడు మొదటి ముద్ద తిని, తల ఎత్తి, "అత్తయ్యా, ఇది ఆ రోజు నేను తెచ్చిన చేపలాగే ఉందే" అన్నాడు. లోపల దాచుకున్నది పైకి వచ్చి చెప్పేశాను, ఆ రోజు నేను పాడు చేశానని, ఆ చేప తప్పు లేదని. "మీకు ఇన్నాళ్లూ అదే ఉందా మనసులో" అని అమ్మాయి నా చేయి పట్టుకుంది. అల్లుడు ఐదు ముక్కలు తిన్నాడు. మనవడికి వీపు ముక్క ఆవిరి మీద ఉడికించి నలిపి పెట్టాను. మొదటి చెంచా ఉమ్మాడు, రెండోది మింగాడు, మూడోదానికి తనే నోరు తెరిచాడు. ఒంటి మీద ఏమీ రాలేదు.

తెనాలి అమ్మాయీ, మా అల్లుడు పాలిథిన్ సంచి ఉపాయం, కత్తెర సంగతి రాసుకున్నాడు. ఎరుపు పట్టీ ఎక్కడ కోయాలో పండుగప్ప ముక్క మీదే వేలుతో గీసి చూపించాను, దీనిలో సన్నగా ఉన్నా చోటు ఒకటే. సెప్టెంబరులో మళ్లీ కాలువకు వెళ్తానంటున్నాడు. నాగాయలంక తమ్ముడూ, వాళ్లు ఈ నెల 28న వెళ్తారు. ఆ ముందు ఆదివారానికి మీ వైపు చెరువు పట్టుబడి ఉంటే, మూడు కిలోల చేప విజయవాడలో ఏ మార్కెట్‌కు వస్తుందో చెప్పండి. నేను వెళ్లి తెచ్చుకుంటాను.